అంచు కొలత

డిసెంబర్ 1, సోమవారం

ఈ డైరీ లెన్సుల కంపెనీవాడు జనవరిలో మా షాపుకిచ్చాడు. పదకొండు నెలలు వంటింట్లో పప్పు డబ్బా కింద ఎత్తుకి పడుంది. ఇవాళ దులిపి తీశా. ఈ సంగతి ఎక్కడో ఒకచోట కక్కకపోతే నా తల పగిలిపోయేట్టుంది, ఇంట్లో వినే ఓపిక ఎవరికీ లేదు.

నాన్న పికప్ బండి మళ్లీ ఎడమకి లాగేసింది. మొన్న శనివారం మొజంజాహీ మార్కెట్ మలుపులో కరెంటు స్తంభానికి రాసుకుని ఎడమ అద్దం ఎగిరిపోయింది. ఈ ఏడాదిలో అది మూడో అద్దం. విజయేందరన్న షెడ్డుకి తీసుకెళ్తే అక్కడేదో మాటామాటా వచ్చిందట. పదిహేనేళ్లుగా మా బండి మీద ఆయన చెయ్యి తప్ప ఇంకో మెకానిక్ చెయ్యి పడలేదు. ఏమన్నాడు నాన్నా అంటే, వాడికి పని మర్చిపోయింది అని ఒక్క ముక్క చెప్పి అన్నం కలుపుకున్నాడు. మా నాన్న తాతారావు గారికి కోపమొస్తే అంతే, పప్పుచారు మీద చూపిస్తాడు.

కింది బాల్ జాయింట్ లూజయిందట. అదొక్కటి విజయేందరన్న కూడా ఒప్పుకున్నాడట. చక్రాన్ని కింది ఆర్ముకి తగిలించే గుండ్రటి కీలు అది, మన తుంటి కీలు ఉన్నట్టు. కొత్తది వేస్తే లాగడం మానేస్తుంది. నాన్న తీర్మానం ఏంటంటే ఇకమీదట పని ఇంటి ముందే, మన చేత్తోనే. నేనూ సై అన్నా. స్టేషన్ వెనక మా గల్లీలో బండి కిందకి దూరగల ఆడది నేనొక్కత్తినే, అందులో సందేహం లేదు.

టైము ఇరవై ఏడో తారీఖు దాకా. ఆ రోజు నుంచి, ఎగ్జిబిషన్‌లో స్టాలు పెట్టే శ్రీపతి గారి పింగాణీ సామాను నాంపల్లి పార్సిల్ ఆఫీసు నుంచి ఎగ్జిబిషన్ గ్రౌండుకి తోలాలి. పంతొమ్మిదేళ్లుగా ఆ తోలకం నాన్నదే. అద్దాల సంగతి విని ఈసారి శ్రీపతి గారు, బండి మంచిగ చేసుకొని రా, లేకుంటే వేరేటోళ్లను చూసుకుంట అన్నారట. నుమాయిష్‌కి, అదే ఆ ఎగ్జిబిషన్‌కి, పోని నాన్నని నేనింతవరకూ చూడలేదు, చూడను కూడా.

డిసెంబర్ 2, మంగళవారం

ఉప్మా తింటూ బాల్ జాయింట్ ప్రెస్సుల వీడియోలు పదకొండు చూశా. షాపుకి లేటు. ఉప్మా కంచంలోనే ఉంది.

డిసెంబర్ 4, గురువారం

నాకిప్పుడు అంతా తెలిసిపోయింది. బాల్ జాయింట్ ఆర్ములో ఊరికే కూర్చోదు, బిగుతుగా దిగి ఉంటుంది. దాన్ని కొట్టి తియ్యచ్చు, అది నాన్న పద్ధతి. నిలువెత్తు హైడ్రాలిక్ ప్రెస్సు కింద పెట్టి తియ్యచ్చు, కానీ అది మా గుమ్మంలో పెడితే మేం కిటికీలోంచి దూరి ఇంట్లోకి పోవాలి. పైగా ఆర్ము మొత్తం విప్పి తీసుకెళ్లాలి. ఇక నాకు నచ్చింది సి ప్రెస్సు. ఇంగ్లీషు సి అక్షరంలాంటి ఇనుప దవడ, ఒక చివర లావుపాటి మర. జాయింటుకి ఒక పక్క మర, ఇంకో పక్క బోలు కప్పు పెట్టి పానాతో తిప్పుతూ పోతే జాయింటు మర్యాదగా కప్పులోకి దిగి వచ్చేస్తుంది. కొట్టేది లేదు, పక్కింటివాళ్లు తిట్టేది లేదు. బండి మీద ఉండగానే పని అయిపోతుంది. ఎవడు కనిపెట్టాడో గానీ వాడి చేతికి ముద్దు పెట్టాలి.

ఏ సైజు కావాలో తెలియాలి కదా, పొద్దున్నే చాప వేసుకుని బండి కింద దూరా. చేతిలో కంటిపాపల మధ్య దూరం కొలిచే నా స్కేలు. నాన్న పైనుంచి వంగి చూసి, బండికి కళ్లజోడు పెడుతున్నావా అని ఒకటే నవ్వు. చాలా రోజుల తర్వాత అలా నవ్వాడు. నలభై నాలుగు మిల్లీమీటర్లు. అరచేతిలో రాసుకుని షాపుకి పోయా, సాయంత్రం దాకా కడుక్కోలేదు.

డిసెంబర్ 6, శనివారం

లంచ్ టైములో పుత్లీబౌలీ. స్పేర్ పార్టుల దుకాణంలో సేటు ఎర్ర పెట్టె తెరిచాడు. ఇరవై ఒక్క ముక్కలు, మెరుపులు చూస్తే పెళ్లి నగల సెట్టే. నా చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది. ఎత్తి చూస్తే తేలిక. దవడ అంచు మీద గీత కనపడింది, అంటే అచ్చులో పోసిందన్నమాట, సాగగొట్టింది కాదు. బలం పడితే విచ్చుకుంటుంది. మర చూస్తే సన్నటి చుట్లు, సీసా మూతకున్నట్టు. ఇది పోతపోసిందా, కొలిమిలో కొట్టిందా అనడిగా. మర పళ్లు చదరమా కోసుగానా అనడిగా. దవడ లోతెంత అనడిగా. సేటు పెట్టె మూసేసి, ఇంట్లో మగవాళ్లు ఎవరైనా ఉంటే పంపమ్మా అన్నాడు.

ఉన్నారు, ఆయన సుత్తె తెస్తారు, పర్లేదా అని వచ్చేశా. కోఠి దాకా నాలో నేను నవ్వుకుంటూ నడిచా.

డిసెంబర్ 7, ఆదివారం

ప్రెస్సు దొరికేలోపు ఒక్క దెబ్బ వేసి చూద్దామన్నాడు నాన్న. వద్దన్నా. ఆర్ము రంధ్రం కోలగా సాగిపోతే కొత్త జాయింటు కూడా నిలవదని వీడియోలో చూసిందంతా చెప్పా. నువ్వు పుట్టక ముందు నుంచి కొడుతున్నా అన్నాడు. కొట్టాడు. సుత్తె పోయి ఎడమ బొటనవేలి మీద పడింది.

గోరు నల్లబడింది. ముప్ఫయ్యేళ్లలో సుత్తె గురి తప్పడం నేను చూడలేదు. బండి కింద ఆ మూల వెలుతురు లేదు, అదీ కారణం. మొత్తానికి సుత్తె పద్ధతి ఓడిపోయింది, ప్రెస్సు గెలిచింది. నాకు సంతోషంగానే ఉంది, వేలు పాపం అనుకోండి.

(అనుకోండి అని ఎవరికి చెప్తున్నానో. నా మొహం.)

డిసెంబర్ 8, సోమవారం

అమ్మ ఈమధ్య టీ గ్లాసు నాన్నకి కుడి పక్కనే పెడుతోంది. ఎందుకే కామాక్షమ్మా అంటే, ఎడమ వేలికి దెబ్బ తగిలింది కదా అంది.

దెబ్బ తగిలింది నిన్న. గ్లాసు పక్క మారింది దసరా నుంచి.

డిసెంబర్ 9, మంగళవారం

ఇవాళ షాపులో నా పేరు మారుమోగింది. ఒక రిటైర్డ్ మాస్టారు కళ్లద్దాలకి వచ్చాడు. చార్టు చివరి లైను దాకా తడుముకోకుండా చదివేశాడు. ఇంకేం, నంబరు పాతదే చాలు అన్నా. ఆయన లేచి వెళ్తూ ఎడమ పక్కనున్న ఫ్రేముల స్టాండుని గుద్దేసి, ఎవరమ్మా ఇది ఇక్కడ పెట్టారు అని విసుక్కున్నాడు. నాకు టక్కున వెలిగింది. మళ్లీ కూర్చోబెట్టి వేలి పరీక్ష చేశా. ఆయన నా ముక్కునే చూడాలి, నేను పక్కనుంచి వేలు ఆడిస్తూ తెస్తా, కనపడగానే చెప్పాలి. ఎడమ పక్క ఆయనకి ఏమీ లేదు. గ్లకోమా, అదే చూపుని అంచుల నుంచి తినేసే జబ్బు, అనుమానం అని చీటీ రాసి రేపే కంటి డాక్టర్ దగ్గరికి పొమ్మన్నా. మా ఓనరు అందరి ముందూ మెచ్చుకున్నాడు. చార్టు మధ్య చూపునే చెప్తుంది, అంచులు చెప్పదు. కాలేజీలో మొదటి ఏడాది పాఠం. నేను నిమిషంలో పట్టేశా.

నాన్నకి ఉగాదికి నేనే చూశా. చార్టు మొత్తం గడగడా చదివాడు. ఆయన కళ్లకేం.

పై రెండు లైన్లు ఎందుకు రాశానో. కొట్టేశా.

డిసెంబర్ 11, గురువారం

దొరికింది. దొరికింది దొరికింది దొరికింది.

సగం రోజు సెలవు పెట్టి జుమ్మేరాత్ బజార్ పోయా. కుట్టుమిషన్ తలకాయలు, సైకిల్ చైన్లు, పోయిన రేడియోలు, వాటి కింద ఒక నల్లటి దవడ. మట్టి పట్టి, ఎవరో ఏనాడో వాడి పారేసింది. ఎత్తబోతే చెయ్యి లేవలేదు. ఆ బరువుకే నాకు సగం ప్రేమ పుట్టింది. బ్యాగులోంచి భూతద్దం తీశా, ఫ్రేముల మరలు చూసేది. మర చుట్టు చుట్టూ చూసుకుంటూ వచ్చా. చదరం మర, ఒక్క పన్ను చెక్కు చెదరలేదు. దవడ మీద అచ్చు గీత లేదు, సమ్మెట దెబ్బల గుంటలున్నాయి. కొలిమిలో పుట్టిన పిల్ల. అమ్మే ముసలాయన నన్నూ నా భూతద్దాన్నీ చూసి, వజ్రాలా బిడ్డా అన్నాడు. కప్పులు లేవు, ఒట్టి దవడే. ధర ఇక్కడ రాయను, ఈ డైరీ అమ్మ చేతిలో పడితే నేను బతకను. బేరం మాత్రం ముచ్చటగా ఆడా, మూడుసార్లు వెళ్లిపోయినట్టు నటించి మూడుసార్లూ వెనక్కొచ్చా.

ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చా. గుమ్మంలో నాన్న రెండు చేతులతో అందుకుని, అబ్బ, వస్తువంటే ఇదీ అన్నాడు. కింద గుడ్డ పరిచి ఇద్దరం కూర్చుని కిరసనాయిలుతో కడిగాం. మర తుప్పు నేను పళ్లు తోమే పాత బ్రష్షుతో వదిలించా, నాన్న గ్రీజు పట్టించాడు. మర వెన్నలా తిరిగింది. అమ్మ వచ్చి చూసి, చంటిపిల్లకి నూనె పట్టించినట్టు ఆ కులుకేంటి తండ్రీకూతుళ్లకి అంది. నాన్న ఊళ్లో తాతయ్య ఎడ్లబండి ఇరుసుకి కందెన పూసేవాడని, పందొమ్మిది వందల యాభయ్యారులో ఇక్కడికొచ్చాక సచివాలయంలో కాగితాలు కుట్టుకుంటూ కూడా ఇరుసు గురించే మాట్లాడేవాడని చెప్పాడు. నేనెప్పుడూ వినలేదు ఆ కబుర్లు. ప్రెస్సు రాకపోతే వినేదాన్ని కాదేమో.

డిసెంబర్ 13, శనివారం

లేత్ షాపులో ప్రెస్సుకి కప్పు తిప్పించి చేయించా. లోపల నలభై ఐదు, ఒక మిల్లీమీటరు వదులు. ఇనప సువాసన. (ఇనుముకి సువాసన ఏంటే పిచ్చిదానా.) రేపే.

డిసెంబర్ 14, ఆదివారం

రాలేదు.

కప్పు జాయింటు మీద కూర్చోలేదు. మధ్యలో సరిపోతుంది, అంచు దగ్గర తన్నేస్తుంది. మూడుసార్లు పెట్టి మూడుసార్లు తీశా. కళ్లజోళ్ల షాపు కొలతలు ఇలాగే ఏడుస్తాయి అన్నాడు నాన్న. అనడం అయ్యాక తనకే బాధ వేసి, పోనీలే తల్లీ, సుత్తె ఉంది కదా అన్నాడు. అది ఇంకా మండింది నాకు. బండి కిందే కాసేపు పడుకున్నా. కళ్లల్లో గ్రీజు పడింది, అందుకే ఎర్రబడ్డాయి.

డిసెంబర్ 15, సోమవారం

నాన్నకి చెప్పకుండా విజయేందరన్న షెడ్డుకి పోయా. పౌరుషం పౌరుషమే, ఇరవై ఏడు ఇరవై ఏడే. ప్రెస్సు చూసి ఆయన కళ్లు పెద్దవయ్యాయి. గింత మంచి మాల్ యాడ దొర్కింది చెల్లె అని దాన్ని తిప్పి తిప్పి చూశాడు. నాకు ఏనుగెక్కినట్టయింది. తర్వాత కప్పు చేతిలోకి తీసుకుని, నేను వెంట తీసుకెళ్లిన కొత్త జాయింటు దాని మీద పెట్టి, ఒక్క చూపు చూశాడు.

"నడుమ కొలిచినవ్ చెల్లె. అంచు ఇడిసిపెట్టినవ్."

జాయింటుకి పైన చుట్టూ చిన్న గట్టు ఉంటుందట, నడుము కంటే మూడు మిల్లీమీటర్లు వెడల్పు. కప్పు ఆ గట్టుని కూడా మింగాలి. కింద పడుకుని చూస్తే మట్టిలో కలిసిపోయి కనపడదు, వేలితో తడిమితేనే తెలుస్తుంది. నేను తడమలేదు, స్కేలు పెట్టి చక్కా వచ్చేశా. తనే పక్క లేత్‌కి తీసుకెళ్లి దగ్గరుండి కొత్త కప్పు తిప్పించాడు. ఫీజేమీ వద్దన్నాడు. నేను వచ్చేస్తుంటే చేతులు తుడుచుకుంటూ వెనక వచ్చి, ఇంకో మాట చెల్లె, ఆ దినం తాతన్నతోని నేను లొల్లి పెట్టుకోలే, నేనేమన్ననంటె, బండి అని మొదలెట్టాడు.

షాపుకి టైమైందన్నా, మా ఓనరు చంపేస్తాడు అన్నా. పరుగెత్తా. షాపు తెరవడానికి ఇంకా గంట ఉంది. అబిడ్స్ జీపీఓ మెట్ల మీద కూర్చుని కప్పుని చూసుకుంటూ ఉండిపోయా.

డిసెంబర్ 17, బుధవారం

విజయేందరన్న ఏం చెప్పబోయాడో నాకు తెలీదు. తెలుసుకోవాల్సిన పనీ లేదు. ఆదివారం జాయింటు దిగుతుంది, బండి తిన్నగా పోతుంది. అయిపోయింది.

డిసెంబర్ 18, గురువారం

తిన్నగా పోతుంది.

డిసెంబర్ 21, ఆదివారం

ఈ పేజీకి గ్రీజు అంటితే అంటనీ.

కొత్త జాయింటుని నిన్న డీప్ ఫ్రీజర్లో పెట్టా, చలికి ఒక వెంట్రుకవాసి కుంచించుకుంటుందట, తేలిగ్గా దిగుతుందట. పొద్దున అమ్మ పచ్చిబఠాణీల కోసం చెయ్యి పెట్టి దాన్ని తీసి, ఇదేం శనిరా అని అరిచిన అరుపుకి గల్లీ మొత్తం లేచింది. మంచిదే, చూసేవాళ్లుండాలి కదా. జాకీ లేపాం, కింద స్టాండు పెట్టాం, చక్రం విప్పాం. లాక్ రింగు నేనే తీశా. ఫ్రేముల రింగులు లాగి లాగి నా వేళ్లకి అలవాటే. తర్వాత దవడ ఎత్తి పెట్టాం. నాన్న పానా పట్టాడు, నేను దవడ పట్టుకున్నా. మొదటి మూడు చుట్లు ఏమీ కాలేదు. నాలుగో చుట్టుకి మర మూలిగింది. నాన్న ఆగి నా మొహం చూశాడు. తిప్పు నాన్నా అన్నా. ఐదో చుట్టు సగంలో ఠప్పుమని ఒక్క చప్పుడు, నా పళ్లు కూడా కదిలాయి. పాత జాయింటు వచ్చి కప్పులో పడింది. గట్టుతో సహా. ఊపి చూస్తే ఎండిన చింతకాయలా గలగలమంది. నిజంగానే పాడయింది, చూశావా, బండిదే తప్పు అని గట్టిగా అన్నాను నేను. నాన్న అవునమ్మా అన్నాడు. ఇద్దరం ఆ మాట ఇంకో రెండుసార్లు అనుకున్నాం.

కొత్తది ఎక్కించేటప్పుడు వంకర పోకూడదు, వెంట్రుక వంకర పోయినా రంధ్రం చెడుతుంది. అలాంటివి నాన్న తనే ఒక కన్ను మూసి చూసుకునేవాడు. ఇవాళ, నువ్వు చూడు తల్లీ, నీవి పడుచు కళ్లు అన్నాడు. నేనే చూశా. నేను ఆపమన్నప్పుడు ఆపాడు, తిప్పమన్నప్పుడు తిప్పాడు. తిన్నగా దిగింది. లాక్ రింగు టిక్కుమని కూర్చుంది. నాన్న నా తల మీద చెయ్యి పెట్టి ఊరికే ఉంచాడు. ఆ చెయ్యి గ్రీజు జుట్టుకి అంటింది, రెండుసార్లు కడిగినా పోలేదు, పోకపోయినా నాకేం బాధ లేదు. నా జీవితంలో ఇంత మంచి ఆదివారం లేదు.

అమ్మ గారెలు వేసింది. నాన్న ప్లేటులో కుడి పక్క ఉన్నవి తిని, అయిపోయాయి అన్నాడు. అమ్మ ప్లేటు తిప్పింది.

డిసెంబర్ 22, సోమవారం

వీల్ అలైన్‌మెంట్ చేయించా. అలైన్‌మెంట్ చేసినాయన, బాల్ జాయింట్ ఎవరు వేశారు, బాగా వేశారు అన్నాడు. నేనే వేశా అన్నా.

డిసెంబర్ 23, మంగళవారం

పొద్దున ఆరుకి రోడ్డు ఖాళీగా ఉంటుందని బయల్దేరాం. ముందు నేను తోలా. పద్దెనిమిదేళ్లప్పుడు నాన్నే నేర్పి లైసెన్సు తీయించాడు, పండక్కొకసారి తోలుతూ ఉంటా. ఎగ్జిబిషన్ గ్రౌండు ముందు నుంచి గాంధీ భవన్ దాకా తిన్నటి రోడ్డు. మధ్యలో స్టీరింగ్ మీంచి రెండు చేతులూ తీశా. బండి గీత గీసినట్టు పోయింది. ఎడమకీ లేదు, కుడికీ లేదు. నేను అరిచా, పిచ్చిదానిలా అరిచా. నాన్న కూడా డాష్‌బోర్డు మీద దరువేశాడు.

తర్వాత నాన్న ఎక్కాడు. నేను ఎడమ సీటులోకి జరిగా. మొజంజాహీ మార్కెట్ దగ్గర పళ్లవాళ్లు ఖాళీ డబ్బాలు వరసగా పేర్చుకున్నారు, ఎడమ పక్క, నా కిటికీకి ఇంతదూరంలో. చూస్తున్నాడనుకున్నా. చూస్తున్నాడనే అనుకున్నా. బండి తగిలి డబ్బాలు ఒకదాని మీద ఒకటి కూలాయి. అక్కడ మనిషి లేడు. ఉండాల్సిన మనిషి టీ తాగడానికి పోయాడట.

నాన్న బండి ఆపి స్టీరింగ్ మీద కొట్టాడు. చూశావా, మళ్లీ లాగేసింది అన్నాడు.

లాగలేదు. నాకు తెలుసు లాగలేదని. ఐదు నిమిషాల క్రితం నా రెండు చేతులూ గాలిలో ఉన్నాయి. పళ్లాయన గంపెడు తిట్లు తిట్టి డబ్బాలు పేర్చుకున్నాడు, నేను దిగి సాయం చేశా. మళ్లీ ఎక్కి తలుపు వేసుకున్నా. నా ముక్కు చూడు నాన్నా, వేలు కనపడితే చెప్పు అన్నా. ఎందుకని అడగలేదు. నా వైపు తిరిగి బుద్ధిగా నా ముక్కు మీద చూపు పెట్టాడు. నేను ఆయనకి ఎడమ పక్కనుంచి చెయ్యి తెచ్చా. వేలు ఆడిస్తూ తెచ్చా. షాపులో రోజూ చేసేదే.

"ఇంకా పెట్టలేదా తల్లీ, వేలు?"

చెయ్యి ఆయన చెంపకి జానెడు దూరంలో ఉంది. ఇంకా ముందుకి తెచ్చా, నా ముక్కు దగ్గరదాకా తెచ్చా. అప్పుడు, ఆఁ, ఇప్పుడు అన్నాడు. అని నా మొహం చూసి, మిగిలింది అర్థం చేసుకున్నాడు. తాళం తీసి నా ఒళ్లో పెట్టాడు.

"బాల్ జాయింటే అయితే బాగుండు అనుకున్నానమ్మా."

నేనూ అదే అనుకున్నా అన్నా.

విజయేందరన్న చెప్పబోయింది అదే, బండి కాదు, కళ్లు చూపించుకోమని. నడుమ కొలిచా. ఉగాదికి చార్టు చదివించి నడుమ కొలిచా, అంచు వదిలేశా. నా సొంత తండ్రికి.

డిసెంబర్ 24, బుధవారం

కంటి డాక్టర్. గ్లకోమా రెండు కళ్లకీ ఉంది, ఎడమది బాగా ముదిరింది. పోయిన చూపు రాదు. ఉన్నది చుక్కల మందుతో కాపాడుకోవచ్చు, ఒక్క పూట మానకూడదు. బండి తోలకూడదు. నాన్న అన్నిటికీ తలూపాడు, చివరిదానికి ఊపలేదు.

ఇంటికొచ్చాక అమ్మని అడిగా, దసరా నుంచి తెలుసు కదా, ఎందుకు చెప్పలేదు అని. అమ్మ బియ్యం ఏరుతోంది, తల ఎత్తలేదు.

"కళ్ల చదువు చదివినదానివి నువ్వు కదే. నీకు తెలిసే ఉంటుందనుకున్నా."

డిసెంబర్ 25, గురువారం

ఏమీ రాయబుద్ధి కావట్లేదు.

పొద్దున ఆరుకి చుక్కలు వేశా. రాత్రి తొమ్మిదికి మళ్లీ వెయ్యాలి.

డిసెంబర్ 26, శుక్రవారం

నాన్న ప్రెస్సు గుడ్డలో చుట్టి, పద అన్నాడు. ఎక్కడికో చెప్పలేదు. విజయేందరన్న షెడ్డుకి. లోపలికి పోయి దాన్ని బల్ల మీద పెట్టి, మా అమ్మాయి కొన్నది, దీంతో మేమే ఎక్కించాం అన్నాడు. క్షమించమని అనలేదు. విజయేందరన్న అడగలేదు కూడా. తాతన్నా, కూసో అని స్టూలు లాగాడు, నాన్నకి కుడి పక్క తను కూర్చున్నాడు. నేను గమనించా. వాళ్లు గంటసేపు దాని మర గురించే మాట్లాడుకున్నారు. ఇక్కడే ఉంచరాదె, నేను మంచిగ చూసుకుంట అని అడిగాడు విజయేందరన్న. ఇస్తానా నేను? నా ప్రెస్సది.

దారిలో శ్రీపతి గారికి ఫోన్ చేశా. ఉన్నదున్నట్టు చెప్పా. ఆయన నాన్న సంగతి రెండుసార్లు అడిగి తెలుసుకున్నారు. తర్వాత, నువ్వు తోల్తవా అమ్మా అన్నారు. తోల్తా అన్నా. పగిలే సామాను అన్నారు. పంతొమ్మిదేళ్లు నాన్న పక్కన కూర్చుని చూశా అన్నా. ఒక్క ట్రిప్పు చూస్త, జర పైలం అన్నారు. షాపులో వారం సెలవు పెట్టా. ఓనరు మొహం చూడాల్సింది.

డిసెంబర్ 28, ఆదివారం

నిన్న నాలుగు ట్రిప్పులు, ఇవాళ ఐదు. ఒక్క కప్పు కూడా బీటలు వారలేదు. మొదటి ట్రిప్పులో శ్రీపతి గారు స్కూటర్ మీద వెనకే వచ్చారు, రెండో ట్రిప్పుకి రాలేదు, మూడోదానికి నాకూ నాన్నకీ బాదం పాలు పంపించారు. గ్రౌండు గేటు కాడ వాచ్‌మన్ తాతారావు కూతురా, డ్రైవరా అనడిగాడు. రెండూ అన్నా. స్టాళ్లు ఇంకా లేపుతున్నారు, ఎక్కడ చూసినా కర్రలు, మేకులు, రంగుల వాసన. జైంట్ వీల్ సగం నిలబడింది. చిన్నప్పుడు ఈ గేట్లోంచి సామాన్ల మీద కూర్చుని వచ్చేదాన్ని. ఇప్పుడు బండి నా చేతిలో ఉంది, నా జాయింటు మీద నడుస్తోంది, గుంటల్లో కూడా చప్పుడు లేదు. నాకు గాల్లో తేలుతున్నట్టుంది, సిగ్గు లేకుండా చెప్తున్నా.

నాన్న ఎడమ సీటులో కూర్చుంటున్నాడు. ఒళ్లో చుక్కల మందు పెట్టె, టైముకి తనే గుర్తు చేస్తున్నాడు. ఊరికే ఉండలేడు కదా, పార్సిల్ ఆఫీసు గేటు దాటేటప్పుడల్లా కిటికీలోంచి తల పెట్టి ఎడమ పక్క చూసి చెప్తాడు.

ఇవాళ చివరి ట్రిప్పు. రోడ్డు మీదకి తిప్పబోతున్నా.

"ఎడమ ఖాళీ తల్లీ, పోనీ."

అద్దంలో చూశా. కొత్త అద్దం, నేనే బిగించా. ఒక ఆటో, నిండా జనం, మా ఎడమ చక్రాన్ని ఆనుకుని వస్తోంది. బ్రేకు మీద కాలు అలాగే ఉంచా.

ఏమైందమ్మా అన్నాడు.

క్లచ్ జర బిగుసుకుంది నాన్నా, ఒక్క నిమిషం అన్నా. ఆటో పోయింది. కదిలించా.

నాన్న మొహం వెలిగిపోయింది. నేను చెప్పలా, దీని క్లచ్ కూడా చూడాలని, వచ్చే ఆదివారం విప్పుదాం, దానికి ఏం పానాలు కావాలో నువ్వు వీడియోలు చూసి పెట్టు అన్నాడు. నాంపల్లి స్టేషన్ నుంచి గ్రౌండు దాకా క్లచ్ ప్లేటు గురించే చెప్తూ వచ్చాడు.

సరే నాన్నా, విప్పుదాం అన్నా. క్లచ్ వేసి ఆరు నెలలు కాలేదు, బంగారంలా ఉంది.